సరైన టైము ఎవరి దగ్గర ఉంటుంది?

(ఇంటి కంప్యూటరు గడియారం గురించి నాలుగు మాటలు)

— బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి

"ఆలస్యం అమృతం విషం" అన్నారు పెద్దలు. ఆలస్యం చేసింది మనిషైతే ఆ మనిషిని నాలుగు మాటలు అనవచ్చు. గడియారమే ఆలస్యం చేస్తే ఎవరిని అనాలి? నిరుడు డిసెంబరులో నాకీ ప్రశ్న ఎదురయింది. దానికి జవాబు వెతుక్కుంటూ తెలుసుకొన్న సంగతులే ఈ వ్యాసం. నేను చదివేది గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం. కంప్యూటరు విద్య నేర్చినవాణ్ణి కాను. గనుక తెలిసినవారికి ఇందులో కొత్త సంగతి అంతగా కనిపించకపోవచ్చు. నాలాగా గదిలో ఒక పాత కంప్యూటరు పెట్టుకొని, దాని తెర మూలన కనిపించే టైమును నమ్ముకొని కాలం గడిపే మిత్రుల కోసం ఇది రాస్తున్నాను.

జరిగిన సంగతి

మాది నల్లగొండ జిల్లా. నాయినకు మూడెకరాల పొలం, ఒక బోరు, రెండు బర్రెలు. నేను హైదర్‌గూడలో ఒక పాత మేడమీది గదిలో ఇద్దరు మిత్రులతో కలిసి ఉంటున్నాను. చదువు ముగించుకొని వెళ్ళిపోతూ మా సీనియరు ఒకాయన తన కంప్యూటరును తక్కువ ధరకు నాకిచ్చి పోయాడు. అందులో విండోస్ ఉండేది. ఊరికే ఉండక జూలైలో దాని పక్కనే లినక్స్ కూడా ఎక్కించాను. అప్పటినుంచి ఒక వింత మొదలైంది. ఒకదాంట్లోంచి రెండోదాంట్లోకి వెళ్ళినప్పుడల్లా టైము సరిగ్గా ఐదున్నర గంటలు తప్పేది. ఎందుకో తెలియలేదు. విసుగొచ్చి లినక్స్‌ను తీసేశాను. ఆ పెనుగులాటలోనే టైమును తనంతట తాను దిద్దుకొనే మీటను ఆపేశాను. జూలై 10వ తేదీన ఫోను చూసి టైమును చేత్తో సరిచేశాను. మీటను తిరిగి వేయడం మాత్రం మరిచిపోయాను.

డిసెంబరు 12 ఒక ఉపకారవేతనానికి దరఖాస్తు పంపడానికి ఆఖరి రోజు. సాయంత్రం 5 గంటల వరకు గడువు. ఆదాయ ధ్రువపత్రం కోసం నేనే ఆలస్యంగా కదిలినందువల్ల అది ఆ మధ్యాహ్నానికి గాని చేతికి రాలేదు. ఫోనును నెట్టు కోసం కిటికీలో పెట్టి కంప్యూటరు ముందు కూర్చున్నాను. ఒక్కొక్క కాగితమూ ఎక్కించి, పేర్లూ అంకెలూ రెండుసార్లు సరిచూసుకొని, పంపే మీట నొక్కేటప్పటికి తెర మీద టైము 4-54. ఇంకా ఆరు నిమిషాలున్నాయని నిబ్బరంగానే ఉన్నాను. 'గడువు ముగిసినది' అని ఎర్రటి అక్షరాలు వచ్చాయి. లేచి కిటికీలో ఫోను చూస్తే 5-02. నా కంప్యూటరు ఎనిమిది నిమిషాలు వెనకబడి ఉంది.

రాత్రి నాయినకు ఫోన్ చేసి చెప్పాను. కోప్పడతాడనుకొన్నాను. కోప్పడలేదు. "గంత పెద్ద లెక్కలు చేసే డబ్బ, గడియారం గూడ సరిగ చెప్పదా బిడ్డా?" అన్నాడు. కొంచెంసేపు ఊరుకొని, "మరి సరైన టైము ఎవరి దగ్గర ఉంటది?" అని అడిగాడు. ఏం చెప్పాలో తోచలేదు.

ఫిబ్రవరిలో నాయిన పడ్డను అమ్మి నా ఫీజు కట్టాడు. ఆ సంగతి ఆయన చెప్పలేదు. అమ్మ చెప్పింది.

ఒక పెట్టెలో రెండు గడియారాలు

కంప్యూటరు మూత తీస్తే మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఒకటి కనబడుతుంది. దాని పేరు సీఆర్ 2032. ఇరవై మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం గనుక 2032 అన్నారు. అది మూడు వోల్టుల బ్యాటరీ. కంప్యూటరును ఆపి ప్లగ్గు పీకేసినా లోపల ఒక చిన్న గడియారం ఈ బ్యాటరీ బలంతో నడుస్తూనే ఉంటుంది. దాన్ని రియల్ టైమ్ క్లాక్ అంటారు. మనం 'బోర్డు గడియారం' అందాం.

రెండో గడియారం విండోస్, లినక్స్ వంటి ఆపరేటింగ్ సిస్టమ్‌ది. కంప్యూటరును వేయగానే అది బోర్డు గడియారాన్ని ఒకసారి చూసి, అక్కడినుంచి తన లెక్క తాను మొదలుపెడుతుంది. తెర మూలన మనకు కనిపించేది ఈ రెండోదే. మొదటిది తప్పుగా ఉంటే, దాన్ని చూసి మొదలయ్యే రెండోదీ తప్పే.

బోర్డు గడియారానికి గుండెకాయ ఒక చిన్న క్వార్ట్‌జ్ స్ఫటికం. మన భౌతికశాస్త్ర ప్రయోగశాలలో శృతిదండం ఉన్నట్టే అది కూడా రెండు కొమ్మల ఆకారంలో ఉంటుంది. విద్యుత్తు తగిలితే సెకండుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఈ అంకె ఎక్కడిదని అనుమానం రావచ్చు. రెండును పదిహేనుసార్లు గుణించుకొంటూ పోతే వచ్చేది 32,768. అంటే ఆ కంపనాలను పదిహేనుసార్లు సగం చేసుకొంటూ వస్తే చివరకు సెకండుకు ఒక్క దెబ్బ మిగులుతుంది. మన చేతి గడియారాల్లోనూ ఉండేది ఇటువంటి స్ఫటికమే.

అయితే ఏ రెండు స్ఫటికాలూ సరిగ్గా ఒక్కతీరుగా ఉండవు. మామూలు రకం స్ఫటికంలో పది లక్షలకు ఇరవై వరకు తేడా ఉండవచ్చునని తయారుచేసేవాళ్ళే చెబుతారు. రోజుకు 86,400 సెకండ్లు గనుక, ఆ లెక్కన రోజుకు 1.7 సెకండ్లు తప్పవచ్చు. దానికితోడు బోర్డు మీది ఇతర భాగాల ప్రభావం, పాతబడటం, ఉష్ణోగ్రత ఉండనే ఉన్నాయి. ఈ రకపు స్ఫటికం సుమారు 25 డిగ్రీల దగ్గర అన్నిటికన్నా వడిగా కంపిస్తుంది. అంతకన్నా వేడైనా, చలైనా నెమ్మదిస్తుంది. ఎంత నెమ్మదిస్తుందంటే, 25 నుంచి ఎన్ని డిగ్రీలు తేడా ఉందో ఆ అంకెను వర్గం చేసి 0.035తో హెచ్చవేస్తే, పది లక్షలకు అంత.

చదివి ఊరుకోకుండా నా కంప్యూటరు మీదనే పరీక్ష చేశాను. జనవరిలో గది 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు పది రోజులు కంప్యూటరును వాడకుండా ఉంచి, మొదటి రోజూ ఆఖరి రోజూ మాత్రం వేసి, బోర్డు గడియారాన్ని ఫోనుతో సరిచూశాను. పది రోజులకు 31 సెకండ్లు వెనకబడింది. మే నెలలో, గది సగటున 38 డిగ్రీలున్నప్పుడు, మళ్ళీ అట్లాగే చేస్తే 36 సెకండ్లు. పైసూత్రం ప్రకారం 13 డిగ్రీల తేడాకు రోజుకు అరసెకండు, పది రోజులకు ఐదు సెకండ్లు పెరగాలి. అంతే పెరిగింది! మన హైదరాబాదు ఎండ లెక్క పుస్తకంలోని సూత్రానికి సరిపోవడం చూసి ఒక్కణ్ణే కూర్చొని నవ్వుకొన్నాను.

ఇక జూలై 10 నుంచి డిసెంబరు 12 వరకు 155 రోజులు. రోజుకు 3.1 సెకండ్ల చొప్పున వేస్తే 480 సెకండ్లు, అంటే ఎనిమిది నిమిషాలు. మోసం ఒక్కరోజులో జరగలేదన్నమాట. రోజుకు మూడు సెకండ్లు పోతే ఎవరి కంటికీ కనబడదు. మోటరు కాలువకు చిన్న ఎలుకబొక్క పడ్డట్టు, మడి ఎండిపోయినాకగాని తెలియదు.

మధ్యాహ్నం పన్నెండు ఎవరిది?

ఇప్పుడు నాయిన అడిగిన ప్రశ్నకు వద్దాం. మా తాత దగ్గర చాలాకాలం గడియారం లేదు. రాత్రిపూట గొర్రుకొయ్యలు ఎక్కడికి వచ్చాయో, పిల్లలకోడి ఎక్కడ వాలిందో చూసి జాము చెప్పేవాడు. వేగుచుక్క పొడిస్తే నాగలి కట్టేవాడు. ఇంట్లోకి గడియారం వచ్చినాక రేడియో వార్తల ముందు వచ్చే 'పిప్ పిప్' శబ్దం విని ముల్లు సరిచేసేవాడు. ఆలోచిస్తే నేడు కంప్యూటరు నెట్టులో చేసే పని కూడా అదే.

ఎవరి పని వారిది అయినంతకాలం ఎవరి గడియారం వారికి చాలు. పంచుకోవలసి వచ్చినప్పుడే తంటా. చెరువు కింద నీళ్ళు వంతులవారీగా పారించే ఊళ్ళలో ఒకరి వంతు ఎప్పుడు ముగిసిందో, మరొకరిది ఎప్పుడు మొదలైందో నీరటి చెబుతాడు. ఆయకట్టంతా ఆ మాట వినాలి. ప్రతి రైతూ తన గడియారమే సరైనదంటే తూము దగ్గర కర్రలు లేస్తాయి. మన పెద్దలు పగలూ రాత్రీ కలిపి అరవై ఘడియలు చేశారు. ఘడియ అంటే ఇరవైనాలుగు నిమిషాలు. అడుగున సన్నని రంధ్రమున్న గిన్నెను నీటిపై వదిలి, అది మునిగితే ఒక ఘడియ అయినట్టు లెక్క పెట్టేవారు. ఆ ఘడియలోంచి పుట్టిందే మన 'గడియారం' అనే మాట. ఎవరి గిన్నె వారు వేసుకొంటే లాభం లేదు. ఊరందరికీ ఒక గిన్నె ఉండాలి.

దేశానికీ అంతే. సూర్యుడు నడినెత్తికి రావడమే పన్నెండు గంటలైతే ఊరికొక పన్నెండు ఉంటుంది. రైళ్ళూ తంతీ వచ్చినాక అది కుదరలేదు. అప్పుడు మద్రాసు వేధశాల సమయం రైల్వేలకు ఆధారమైంది. 1802లో గోల్డింగ్‌హామ్ అనే ఖగోళశాస్త్రజ్ఞుడు ఆ వేధశాల రేఖాంశాన్ని లెక్కకట్టాడు. దాని ప్రకారం మద్రాసు సమయం గ్రీన్‌విచ్ కన్నా 5 గంటల 21 నిమిషాల 14 సెకండ్లు ముందుండేది. తరువాత 1906 జనవరి 1 నుంచి ఇప్పటి భారత ప్రామాణిక సమయం వచ్చింది. ఇది గ్రీన్‌విచ్ కన్నా ఐదున్నర గంటలు ముందు. అయినా కలకత్తా 1948 వరకు, బొంబాయి 1955 వరకు తమ సొంత సమయాలను వదలలేదు. ఇప్పటి సమయానికీ పాత మద్రాసు సమయానికీ తేడా 8 నిమిషాల 46 సెకండ్లు. నా కథ విని మా గదిలో మిత్రుడు, "నీ కంప్యూటరు ఆలస్యంగా నడవలేదురా, మద్రాసు టైములో నడిచింది" అని ఏడిపించాడు.

ప్రామాణిక సమయానికి ఆధారమైన 82½ డిగ్రీల తూర్పు రేఖాంశం ఉత్తరప్రదేశ్‌లో మీర్జాపూర్ దగ్గరగా, మన తెలుగునేల మీద కాకినాడ, తుని ప్రాంతంలో పోతుంది. హైదర్‌గూడ ఉన్నది సుమారు 78½ డిగ్రీల మీద. తేడా నాలుగు డిగ్రీలు. డిగ్రీకి నాలుగు నిమిషాలు గనుక పదహారు నిమిషాలు. అంటే మన ఊళ్ళో సూర్యుడు సగటున 12-16కు నడినెత్తికి వస్తాడు. 'సగటున' అనడానికి కారణముంది. భూమి కక్ష్య వల్ల, ఇరుసు వంపు వల్ల అది ఏడాది పొడుగునా మారుతుంటుంది. ఫిబ్రవరి నడుమ 12-30 దాకా పోయి, నవంబరు మొదట్లో ఇంచుమించు పన్నెండుకే వస్తుంది. మేడమీద ఒక కర్ర నిలువుగా పాతి నీడ చూస్తే ఎవరైనా తెలుసుకోవచ్చు.

నక్షత్రాలను చూసి కాలం లెక్కకట్టే విద్య మన నగరానికి కొత్త కాదు. నవాబ్ జఫర్ జంగ్ 1901లో నెలకొల్పిన నిజామియా వేధశాలను 1908లో నిజాం ప్రభుత్వం తీసుకొన్నది. 1919లో అది ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. ఆకాశపటం తయారుచేసే అంతర్జాతీయ కృషిలో అది పాలు పంచుకొన్నది. ఏ నక్షత్రం ఎక్కడున్నదో రాయాలంటే ఎప్పుడు చూశామో సరిగ్గా తెలియాలి. గనుక వేధశాలకు మంచి దూరదర్శిని ఎంత అవసరమో, మంచి గడియారమూ అంతే అవసరం.

కాని భూమి కూడా సరైన గడియారం కాదని ఇరవయ్యో శతాబ్దంలో తేలింది. దాని భ్రమణం కొద్దికొద్దిగా మారుతుంటుంది. అందువల్ల 1967లో సెకండుకు కొత్త నిర్వచనం ఇచ్చారు. సీజియం పరమాణువు వెలువరించే ఒక నిర్ణీత వికిరణం 9,192,631,770 సార్లు కంపించడానికి పట్టే కాలమే ఒక సెకండు. మన దేశంలో ఈ అణు గడియారాలను నడుపుతూ ప్రామాణిక సమయాన్ని కాపాడేది న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల. ఒకప్పుడు అది షార్ట్‌వేవ్ రేడియోలో 'ఏటీఏ' అనే పేరుతో కాలసంకేతాలు పంపేది. ఇప్పుడు నెట్టు ద్వారా ఇస్తోంది.

అయితే ఢిల్లీ గడియారమే ఆఖరి మాటా అంటే, అదీ కాదు. ప్రపంచంలో 80కి పైగా ప్రయోగశాలల్లో ఉన్న సుమారు 450 అణు గడియారాల లెక్కలను పారిస్ దగ్గరి అంతర్జాతీయ తూనికల, కొలతల సంస్థ తెప్పించుకొని, బాగా నడిచేవాటికి ఎక్కువ విలువ ఇచ్చి సగటు తీస్తుంది. ఆ సగటే ప్రపంచ సమయం. ఢిల్లీ గడియారం దానితో పోల్చి చూసుకొంటుంది. భూమి వెనకబడినప్పుడు ఆ సమయానికి ఒక సెకండు కలపడం కూడా 1972 నుంచి ఉంది. ఇప్పటికి 27 సార్లు కలిపారు. ఆఖరుసారి మన లెక్క ప్రకారం 2017 జనవరి 1 తెల్లవారి 5-30కి ముందు కలిపారు. ఈ పద్ధతి కంప్యూటర్లకు చిక్కుగా ఉన్నందున 2035 నాటికి దీన్ని ఆపాలని 2022లో నిర్ణయించారు.

కాబట్టి నాయిన ప్రశ్నకు జవాబు ఇది: సరైన టైము ఏ ఒక్కరి దగ్గరా లేదు. అందరూ ఒకరినొకరు చూసుకొని దిద్దుకొంటేనే అది నిలుస్తుంది. అణు గడియారమే ఇంకొకరిని అడుగుతుంటే, నా పాత కంప్యూటరు ఎవరినీ అడగకుండా 155 రోజులు కూర్చున్నది. కూర్చోబెట్టింది నేనే.

పొలం నుంచి ఇంటికి, ఇంటి నుంచి పొలానికి

సరే, అడగాలి. కాని ఢిల్లీని అడిగితే జవాబు వచ్చేటప్పటికి కొంత కాలం గడిచిపోతుంది కదా? వచ్చిన టైము అప్పటికే పాతబడి ఉంటుంది. ఈ చిక్కును విప్పిన పద్ధతి పేరు నెట్‌వర్క్ టైమ్ ప్రోటోకాల్, పొట్టిగా ఎన్‌టీపీ. ఇది ఎట్లా పనిచేస్తుందో మా పొలం లెక్కతో చెబుతాను.

పొలంలో నాయిన చేతికి ఒక గడియారం ఉంది. అది సరైనదో కాదో తెలియదు. ఇంట్లో గోడ గడియారం సరైనది. నాయిన నన్ను టైము చూసి రమ్మన్నాడు. నేను బయలుదేరినప్పుడు పొలం గడియారంలో 6-00. ఇంటికి చేరేసరికి గోడ గడియారంలో 6-18. మంచినీళ్ళు తాగి, గోడ గడియారంలో 6-20కి బయలుదేరాను. పొలానికి వచ్చేసరికి పొలం గడియారంలో 6-22.

ఈ నాలుగు అంకెలు చాలు. పొలం గడియారం లెక్కన నేను బయట ఉన్నది 22 నిమిషాలు. ఇంట్లో గడిపింది 2 నిమిషాలు. మిగిలిన 20 నిమిషాలు నడక. పోను పది, రాను పది. 6-20కి ఇంట్లో బయలుదేరి పది నిమిషాలు నడిచాను గనుక, పొలం చేరేటప్పుడు సరైన టైము 6-30. పొలం గడియారంలో 6-22. కాబట్టి అది ఎనిమిది నిమిషాలు వెనక ఉంది. ఎన్‌టీపీ చేసే లెక్క సరిగ్గా ఇదే. నిమిషాల బదులు సెకండులో వెయ్యోవంతులు, అంతే తేడా.

ఇందులో ఒక ఊహ దాగి ఉంది. పోవడానికీ రావడానికీ సమానంగా పట్టిందని అనుకొన్నాం. నిజానికి పోవడానికి 8, రావడానికి 12 నిమిషాలు పట్టి ఉంటే మన లెక్క రెండు నిమిషాలు తప్పుతుంది. అంటే రానుపోను తేడాలో సగం. అందుకే దగ్గరి సర్వరు మేలు. తోవ పొట్టిదైతే తేడా వచ్చినా కొంచెమే వస్తుంది.

ఈ పద్ధతిని రూపొందించినవాడు డేవిడ్ మిల్స్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు. దీని ప్రమాణపత్రం 1985లో వెలువడింది. తరువాత ఆయన డెలావేర్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడుగా ఉండి దశాబ్దాలపాటు దీన్ని మెరుగుపరిచాడు. పుట్టుకతోనే కంటిజబ్బు ఉన్న మనిషి. చివరికి చూపు పూర్తిగా పోయింది. 2024 జనవరి 17న 85వ ఏట మరణించాడు. లోకమంతటి గడియారాలను కలిపినవాడు తన గోడ గడియారాన్ని చూడలేకపోయాడు.

ఎన్‌టీపీలో మెచ్చుకోవలసిన గుణాలు మూడు. మొదటిది: ఒక్కరి మాటే నమ్మదు. వీలుంటే నలుగురిని అడిగి, ముగ్గురు ఒకటి చెప్పి ఒకడు వేరొకటి చెబితే ఆ ఒకణ్ణి పక్కన పెడుతుంది. రెండోది: చిన్న తప్పును ఒక్క గెంతులో దిద్దదు. గడియారాన్ని కొంచెం వడిగానో, కొంచెం నెమ్మదిగానో నడిపి దారికి తెస్తుంది. లేకపోతే కాలం వెనక్కు నడిచి, ముందు రాసిన ఫైలు తరువాత రాసినట్టు కనబడుతుంది. మూడోది నాకు అన్నిటికన్నా నచ్చింది. అడుగుతూ అడుగుతూ అది తన స్ఫటికం స్వభావాన్ని తెలుసుకొంటుంది. 'నేను పది లక్షలకు ఇంత నెమ్మది' అని రాసి పెట్టుకొని, నెట్టు లేని సమయంలో కూడా ఆ లెక్క కలుపుకొంటూ నడుస్తుంది. స్ఫటికం లోపం పోలేదు. లోపమెంతో తెలిసింది, అంతే. దానితోనే సగం పని అయిపోతుంది.

మనం చేయవలసిన పనులు

ఇక అసలు పని. ఇదంతా పది నిమిషాల్లో అవుతుంది.

1. మొదట ప్రాంతం సరిచూడండి. విండోస్ జాబితాలో హైదరాబాదు పేరు ఉండదు. 'చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ' అన్నదే మనది. లినక్స్‌లో 'ఆసియా, కోల్‌కతా'. ప్రాంతం తప్పుగా ఉంటే నిమిషాలు ఎంత సరిగా ఉన్నా గంటలు తప్పుతాయి.

2. విండోస్‌లో సెట్టింగ్స్‌లోకి పోయి, టైమ్ అండ్ లాంగ్వేజ్, అందులో డేట్ అండ్ టైమ్ తెరవండి. 'సెట్ టైమ్ ఆటోమేటిక్‌లీ' అన్న మీట వేసి ఉండాలి. నేను ఆపి మరిచిపోయింది దీన్నే. కిందనే 'సింక్ నౌ' అని ఉంటుంది. అది ఒకసారి నొక్కితే అప్పటికప్పుడు దిద్దుకొంటుంది. లినక్స్ వాడేవారు క్రోనీ అనే ప్రోగ్రాము పెట్టుకొంటే మంచిది. నెట్టు వస్తూ పోతూ ఉండే మనలాంటి గదులకు అది బాగా సరిపోతుంది.

3. ఎవరిని అడగాలో మనమే చెప్పవచ్చు. విండోస్ మామూలుగా మైక్రోసాఫ్ట్ సర్వరును అడుగుతుంది. దాని బదులు జాతీయ భౌతిక ప్రయోగశాల సర్వరు పేరు ఇవ్వవచ్చు: టైమ్ డాట్ ఎన్‌పీఎల్‌ఇండియా డాట్ ఆర్గ్. ప్రభుత్వ ఎన్ఐసీ వారి సర్వర్లు సమయ్1, సమయ్2 అనే పేర్లతో ఉన్నాయి. దేశంలోని కంపెనీలు, డేటా కేంద్రాలు ఈ రెండు సంస్థల సమయాన్ని అనుసరించాలని సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఆదేశించింది. దొంగతనంగా ఎవరైనా కంప్యూటర్లలో చొరబడితే, ఏ యంత్రంలో ఏది ముందు జరిగిందో తేల్చడానికి అన్నిటి గడియారాలూ కలవాలి గదా.

4. ఒకే కంప్యూటరులో విండోస్, లినక్స్ రెండూ ఉన్నవారికి: తేడా సరిగ్గా ఐదున్నర గంటలుంటే స్ఫటికాన్ని గాని, బ్యాటరీని గాని అనుమానించకండి. విండోస్ బోర్డు గడియారంలో మన సమయం రాసి పెడుతుంది. లినక్స్ గ్రీన్‌విచ్ సమయం రాసి పెడుతుంది. ఒకరు రాసిందాన్ని రెండోవారు తమ లెక్కలో చదువుకొంటారు. లినక్స్‌కు 'బోర్డు గడియారంలో ఉన్నది స్థానిక సమయం' అని ఒక్కమాట చెబితే తగవు తీరుతుంది. ఈ ముక్క జూలైలో నాకు తెలిసి ఉంటే ఈ వ్యాసమే ఉండేది కాదు.

5. ప్లగ్గు పీకి మళ్ళీ వేసినప్పుడల్లా తేదీ కొన్నేళ్ళు వెనక్కు పోతుంటే బ్యాటరీ అయిపోయిందన్నమాట. చేతి గడియారాలు బాగుచేసే చిన్న దుకాణంలో కూడా అది దొరుకుతుంది. కంప్యూటరు ఆపి, ప్లగ్గు తీసి, పాత బ్యాటరీ ఏ వైపు పైకి ఉందో చూసుకొని మార్చండి. తేదీ బాగా తప్పిపోయినప్పుడు 'ఆటోమేటిక్' పద్ధతి కూడా దిద్దడానికి ఒప్పుకోకపోవచ్చు. అంత తేడా ఉంటే ఎక్కడో పెద్ద పొరపాటు జరిగిందని అది అనుమానిస్తుంది. అప్పుడు చేత్తో ఒకసారి దగ్గరికి తెచ్చి, మిగిలింది దానికి వదిలేయాలి. తేదీ తప్పితే వెబ్‌సైట్లు కూడా 'సురక్షితం కాదు' అంటూ తెరుచుకోవు. వాటి ధ్రువపత్రాల గడువును మన గడియారంతోనే సరిచూస్తారు గనుక.

6. ఆఖరిది: గడువున్న పనికి మన గడియారం ఎంత సరైనదైనా లాభం లేదు. అక్కడ చెల్లేది అవతలి సర్వరు గడియారం. కాబట్టి ముఖ్యమైన దరఖాస్తును ఆఖరి పది నిమిషాలకు వదలకండి. ఇది కంప్యూటరుకు సంబంధించిన సలహా కాదు. పడ్డను పోగొట్టుకొన్న ఇంటివాడి సలహా.

ముగింపు

సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు నాయినకు ఇదంతా పొలం లెక్కతోనే చెప్పాను. గట్టు మీద కూర్చొని ఓపికగా విన్నాడు. "అంటే, దాని తప్పు అది తెలుసుకొని దిద్దుకొంటదన్నట్టు" అన్నాడు. అవునన్నాను. "మనిషికి గూడ గదే గావాలె" అని లేచి మోటరు వేయడానికి పోయాడు. అంతకుమించి ఆ ఎనిమిది నిమిషాల ప్రస్తావన మా మధ్య మళ్ళీ రాలేదు.

ఈ సంవత్సరం దరఖాస్తు గడువుకు వారం ముందే పంపాను. నా కంప్యూటరు ఇప్పుడు తనంతట తాను ఢిల్లీని అడిగి దిద్దుకొంటోంది. దాని స్ఫటికం ఇప్పటికీ రోజుకు మూడు సెకండ్లు వెనకబడేదే. అయినా తెర మూలన టైము సరిగ్గానే ఉంటోంది.

మిత్రులారా, ఈ సంచిక మూసి పక్కన పెట్టే ముందు మీ కంప్యూటరు ముందు ఒక్క నిమిషం కూర్చోండి. ఆ మీట వేసి ఉందో లేదో చూసుకోండి. మీ గదిలో మిగిలినవారి కంప్యూటర్లు కూడా చూడండి. రోజుకు మూడు సెకండ్లే కదా అని వదిలేయకండి. నేను వదిలేసి చూశాను.